డెల్టా బడుల్లో చాట్‌బాట్: సొంతమా, కౌలా?

గోదావరి డెల్టాలో ఎన్నో ఇళ్లకు చాట్‌బాట్‌తో తొలి పరిచయం పాఠం దగ్గర కాదు, హాల్‌టికెట్ దగ్గర జరిగింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలుపెట్టాక ఇంటర్, పదో తరగతి హాల్‌టికెట్లు, ఆ వెనకే ఫలితాలు అందులో వచ్చాయి. నెట్ సెంటర్ ముందు క్యూలో నిలబడే పని ఆ మేరకు తగ్గింది. మొదట్లో మన మిత్రలో పెద్ద తెలివేమీ లేదు. మెనూలో ఒకటి ఎంచుకుంటే తర్వాతి మెనూ తెరుచుకునేది, అంతే. కానీ ఫోనుకి ఏదో రాస్తే ఫోను జవాబిస్తుందన్న అలవాటు అమలాపురంలోనూ ఆకివీడులోనూ దానితో ఇంటింటికీ చేరింది.

అదే ఏడాది రెండో అల వచ్చింది. జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో అనే చాట్‌బాట్ ఏడాదిపాటు ఉచితమంది. అక్టోబరు చివర జియో గూగుల్ చాట్‌బాట్ జెమినై ప్రోను 18 నెలలు ఉచితంగా ఇస్తానంది. నవంబరులో ఓపెన్‌ఏఐ చాట్‌జీపీటీ గోను భారతీయులకు సంవత్సరంపాటు డబ్బు తీసుకోకుండా తెరిచింది. కాబట్టి చదువులోకి చాట్‌బాట్‌ను రానివ్వాలా వద్దా అని ఇప్పుడు సభలు పెట్టి చర్చించడం వృథా. అది సిమ్ కార్డుతోపాటు వచ్చేసింది. తేలాల్సింది ఒక్కటే: బడిలో దాని పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

పిల్లలు దానికి ఇంత త్వరగా ఎందుకు అతుక్కుపోతున్నారో ముందు చూడాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం. ఈ గొడవ తెలిసే ప్రభుత్వం ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు అచ్చువేసింది. ఆలోచన మంచిదే. అయితే పిల్లవాడికి అర్థంకానిది ఒక్కోసారి ఇంగ్లిష్ పేజీ మాత్రమే కాదు, పారిభాషిక పదాలతో నిండిన తెలుగు పేజీ కూడా. అలాంటప్పుడు 'ఇది మామూలు మాటల్లో చెప్పు' అని విసుగు లేకుండా పదిసార్లు అడగడానికి ఒక దిక్కు కావాలి. సాయంత్రం ప్రైవేటుకి వెళ్లే స్తోమత ఉన్న పిల్లలకు ఆ దిక్కు ఎప్పుడూ ఉంది. కొబ్బరి దింపు కూలీ కొడుక్కో, చెరువు కాపలాదారు కూతురికో లేదు. చాట్‌బాట్‌ను సమర్థించేవారి వాదనలన్నిటిలో బలమైనది ఇదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు సాధారణంగా ప్రైవేటుకి డబ్బు కట్టగలిగినవాళ్లే.

కానీ విసుగు లేకుండా జవాబివ్వడం వేరు, చదువు చెప్పడం వేరు. ఈ తేడాను కొలిచిన ప్రయోగం టర్కీలో జరిగింది. దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులకు లెక్కల సాధనలో జీపీటీ-4 (చాట్‌జీపీటీ లోపల జవాబులు అల్లే 'మోడల్' అనే ప్రోగ్రాముల్లో ఒకటి) ఇచ్చి చూశారు. మామూలు చాట్‌బాట్ దొరికినవాళ్లు సాధన చేసేటప్పుడు, ఏ సాయమూ లేనివాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ముఖమే చూడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. మూడో గుంపుకి ఇచ్చిన చాట్‌బాట్‌ను టీచర్ల సాయంతో మలిచారు. ఏ లెక్కకి సరైన జవాబేమిటో, పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందే దానికి చెప్పి, జవాబు చేతిలో పెట్టకుండా ఆచూకీ మాత్రమే ఇమ్మన్నారు. ఆ గుంపు సాధనలో 127 శాతం మెరుగైంది, పరీక్షలో ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. రెండు చాట్‌బాట్‌ల వెనకా ఉన్న మోడల్ ఒకటే. తేడా అంతా ఉపాధ్యాయుడి చెయ్యి పడడంలో ఉంది.

ఆ చెయ్యి డెల్టాలో ఎలా పడాలో ఆలోచిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఎనిమిదో తరగతిలో విలోమానుపాతం పాఠం ఉంటుంది. పుస్తకంలో పనివాళ్లు, రోజులు, పైపులు, ట్యాంకులు. భీమవరం, ఉండి, కాళ్ల చుట్టుపక్కల పిల్లలకు విలోమానుపాతం పుట్టినప్పటినుంచీ తెలుసు, దానికా పేరుందని తెలియదు. రొయ్యల కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంటు అంటే రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు, 40 కౌంటు అంటే 25 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చాట్‌బాట్‌కి ఈ సంగతి చెప్పి, 'దీనిమీద సులభం నుంచి కష్టానికి పది లెక్కలు తయారుచెయ్యి' అంటే నిమిషంలో చేసిపెడుతుంది. చెప్పకుండా వదిలేస్తే, 100 అంకె 40 కంటే పెద్దది కాబట్టి 100 కౌంటు రొయ్యే మేలైన సరుకని లెక్క కట్టే ప్రమాదం ఉంది. సార్వా, దాళ్వా దిగుబడుల లెక్క అయినా అంతే. ఇక్కడ ధాన్యం బస్తా 75 కిలోలని చెప్పకపోతే అది క్వింటాళ్లతో ఊహించుకుంటుంది. అంటే ఊళ్లో లెక్కలు చెప్పే మాస్టారికి తెలిసిన సంగతులు యంత్రంలోకి వెళ్లాలి, వెళ్లినవి అక్కడ నిలవాలి, వచ్చే ఏడాది పక్కూరి మాస్టారు వాటిని తీసుకుని ఇంకొంచెం బాగుచెయ్యగలగాలి.

ఇక్కడే ఉచిత చాట్‌బాట్ కౌలు చేనులా తయారవుతుంది. డెల్టాలో కౌలు సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేను బాగుచేసేది ఒకరు, వచ్చే ఏడాది అది ఎవరికివ్వాలో తేల్చేది ఇంకొకరు. 2025 ఆగస్టులో జీపీటీ-5 విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ అంతకుముందున్న జీపీటీ-4ఓను చాట్‌జీపీటీ నుంచి ఒక్కసారిగా తీసేసింది. వాడుకరులు గోల చేశాక డబ్బు కట్టేవారికి మాత్రం తిరిగిచ్చింది. బాగా ఆలోచించి రాసుకున్న సూచనలన్నీ పాత మోడల్ స్వభావానికి తగ్గట్టు ఉంటాయి. కొత్తది అలాగే నడుచుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఒక కవిత రాయించుకునేవాడికి ఇది చిన్న చిరాకు. ఏడాది పొడుగునా ఒకే పద్ధతిలో పాఠం నడవాల్సిన తరగతికి చిన్నదేమీ కాదు.

ఈ తరహా అనుభవం రాష్ట్రానికి చాట్‌బాట్‌లతోనే మొదలు కాలేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు, అందులో బైజూస్ పాఠాలు ఎక్కించి ఇచ్చారు. కంటెంటు ఉచితమే అన్నారు. ఆ బ్యాచ్ పదో తరగతికి వచ్చిన 2024-25లో పాఠ్యపుస్తకాలు మారాయి. ఈలోగా 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇందులో ఏ పార్టీది తప్పన్నది రాజకీయ నాయకులు ఇంకా తేల్చుకుంటూనే ఉంటారు. చదువు వైపునుంచి చూస్తే అసలు లోపం మొదటిరోజే ఉంది. ఆ పాఠాల్లో ఒక ఉదాహరణ మార్చుకునే హక్కుగానీ, కంపెనీ లేకపోయినా వాటిని కొనసాగించుకునే వీలుగానీ టీచరుకి లేవు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నలభై ఏళ్లకు పైగా చెబుతున్నది సరిగ్గా ఈ హక్కుల గురించే. 1983 సెప్టెంబరులో అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనా మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం తయారీకి గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడం, అది ఎలా పనిచేస్తుందో విప్పి చూసి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చిన రూపాన్నీ పంచడం, ఈ నాలుగూ వాడుకరి హక్కులన్నాడు. ధర ఎంతన్నది వేరే లెక్క. ఎంతకి అమ్ముకున్నా ఆయనకు అభ్యంతరం లేదు. ఈ హక్కులివ్వని యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను బడుల్లో ఉచితంగా పంచడం రేపటి ఖాతాదారులను తయారుచేసుకోవడమేనని మాత్రం ఏళ్లుగా అంటున్నాడు. మొన్నటి 'ఏడాది ఉచితం', 'పద్దెనిమిది నెలలు ఉచితం' ప్రకటనలు చూశాక ఆ మాట అతిశయోక్తి అనడం కష్టం.

అయితే ఈ ఉద్యమానికి ఆంధ్రలో వచ్చిన చిక్కొకటుంది. సిద్ధాంతం చెప్పడంలో చూపిన చొరవ, పరీక్షల వ్యవస్థలోకి వెళ్లడంలో చూపలేదు. పోల్చడానికి కేరళ ఉంది. అక్కడ 2001లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రాజెక్టు మొదలైంది. అదే ఏడాది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ఎఫ్ఎస్ఎఫ్ ఇండియా తిరువనంతపురంలో పుట్టింది. ఐటీ ఎట్ స్కూల్ 2017లో కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారింది. అక్కడి బడి కంప్యూటర్లలో ఉండేది విండోస్ కాదు, లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం, ఆ రాష్ట్రం తనకు తగ్గట్టు మలుచుకున్న రూపంలో. టీచర్లకు శిక్షణ దానిమీద, పాఠ్యపుస్తకం దానిమీద, పదో తరగతి ప్రాక్టికల్ పరీక్ష కూడా దానిమీదే. ఈ చివరిదే కీలకం. 2018 నుంచి లిటిల్ కైట్స్ అనే విద్యార్థి క్లబ్బులు నడుస్తున్నాయి. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం, ల్యాబ్ బాగుచెయ్యడం పిల్లలే నేర్చుకుంటారు. 2024లో కృత్రిమ మేధ మీద 80 వేల మంది టీచర్లకు శిక్షణ తలపెట్టినప్పుడు అది గాలిలోంచి ఊడిపడలేదు. ఇరవై ఏళ్లుగా వేసుకున్న దారిమీదే నడిచింది.

మన దగ్గర కంప్యూటరుకి మార్కుల్లేవు. మార్కుల్లేనిదానికి టైంటేబుల్లో పీరియడ్ ఉన్నా అది జనవరి తర్వాత లెక్కలకో సైన్సుకో పోతుంది. హెచ్ఎంని తప్పుపట్టి లాభం లేదు, జిల్లా ర్యాంకు అడిగేది పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్నే. ఈ పరిస్థితుల్లో 'స్వేచ్ఛ' అని ఉపన్యాసం ఇస్తే టీచర్లు మర్యాదగా విని చప్పట్లు కొడతారు. వాళ్ల అభ్యంతరాలు కూడా న్యాయమైనవే. ఫలానా ప్రింటరు లైనక్స్‌లో పలకదు. శాఖ పంపే ఎక్సెల్ ఫైలు ఇంకోదాంట్లో తెరిస్తే గళ్లు చెదిరిపోతాయి. అన్నిటికీ మించి, పిల్లలు రేపు ఉద్యోగానికి వెళ్తే అక్కడ ఉండేది విండోసే కదా అంటారు. చివరిదానికి మాత్రం సమాధానం ఉంది. లిబ్రెఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీసు ప్యాకేజీలో పట్టిక వెయ్యడం వచ్చినవాడికి ఇంకో ఆఫీసు ప్యాకేజీ ఒక వారం పని. మెనూలు కంఠస్థం చేసినవాడికి ప్రతి కొత్త వెర్షనూ కొత్త బెంగే.

ఉపన్యాసంకంటే గట్టి కారణం ఒకటి ఈమధ్య దానంతటదే వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు కావాలి. బడి ల్యాబుల్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లు చాలావరకు ఆ గీత దాటలేవు. వాటిని మూలన పడెయ్యడమా, ప్రమాదమని తెలిసీ వాడడమా, లేక తేలికపాటి లైనక్స్ వేసి ఇంకో అయిదేళ్లు నడపడమా? పాత డబ్బా మళ్లీ చురుగ్గా లేచి పనిచేస్తే సిద్ధాంతం విననివాడు కూడా దగ్గరకొచ్చి చూస్తాడు. ప్రచారం అక్కడ మొదలవ్వాలి.

ఇక ఆ ల్యాబులో చాట్‌బాట్ నడుస్తుందా? కొంతవరకు. 2023 మార్చిలో వచ్చిన లామా.సీపీపీ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముతో భాషా మోడళ్లను మామూలు కంప్యూటర్లో నడపడం సాధ్యమైంది. 700 కోట్ల పారామీటర్లు, అంటే నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెలు, ఉన్న మోడల్ అసలు రూపంలో 14 జీబీ ఉంటుంది. ఆ అంకెల్ని ఒక్కోటి నాలుగు బిట్లకు కుదిస్తే 4 జీబీ చుట్టుపక్కలకు దిగుతుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న ఒక్క యంత్రం ల్యాబులో ఉంటే మిగతావి ఇంటర్నెట్ లేకుండానే కేబుల్ ద్వారా దాన్ని వాడుకోగలవు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే జవాబు నిదానంగా వస్తుంది. నలభైమంది ఒక్కసారి అడిగితే కూలబడుతుంది. చిన్న మోడళ్ల తెలుగు ఇంకా కుంటినడకే. దాన్ని దాచిపెట్టి ప్రచారం చేస్తే మొదటి వారమే పరువు పోతుంది. ఇప్పటికి దాన్ని పిల్లల చేతికి కాకుండా టీచరు చేతికి ఇవ్వడం తెలివైన పని. అభ్యాసాలు తయారుచేసుకోవడానికి, ఒకే ప్రశ్నను నాలుగు స్థాయిల్లో రాసుకోవడానికి అది చాలు. తెలుగులోకి తేవడానికి ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 అనే అనువాద మోడల్ ఉంది. 22 భారతీయ భాషలకు పనిచేస్తుంది, స్వేచ్ఛా లైసెన్సుతో ఉంది.

'ఓపెన్' అని బోర్డు పెట్టిన ప్రతిదీ ఆ కోవలోకి రాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మెటా లామా మోడళ్ల లైసెన్సులో వాడకంపై ఆంక్షలున్నాయి. మిస్ట్రల్ 7బీ, డీప్‌సీక్ ఆర్1 అనే మోడళ్లు అపాచీ, ఎంఐటీ అనే స్వేచ్ఛా లైసెన్సులతో వచ్చాయి. అవి వాడకానికి మెరుగు, కానీ వాటికి ఏయే రాతలు చదివించి తయారుచేశారో ఆ సమాచారం పూర్తిగా బయటపెట్టలేదు. ఏది 'ఓపెన్' అనిపించుకుంటుందో తేల్చే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2024 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ఆ వివరాలు కూడా కావాలంటుంది. పంతులుగారు ఎక్కడ చదువుకున్నారో చెప్పకపోతే ఆయన తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టలేం. ధవళేశ్వరం కట్టడం ఎప్పటిది అని అడిగితే 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టనూ దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బ్యారేజినీ కలిపేసి నమ్మకంగా జవాబివ్వగల యంత్రంతో మనం వ్యవహరిస్తున్నాం. నమ్మకంగా అన్నదే ఇబ్బంది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ చేసిన ఎలైజా అనే బుల్లి ప్రోగ్రాముతో, అది ఉత్త మాటల గారడీ అని తెలిసిన ఆయన సెక్రటరీయే మనసు విప్పి మాట్లాడిందంటారు. పదమూడేళ్ల పిల్లలకు అంతకంటే నిగ్రహం ఉంటుందనుకోవడం అత్యాశ.

తెలుగు చాట్‌బాట్ నాణ్యత దగ్గర డెల్టాకు నేరుగా సంబంధమున్న ఒక పాత అప్పు ఉంది. రాజమండ్రి, తణుకు, అమలాపురం డీటీపీ షాపుల్లో దశాబ్దాలుగా టైపు కొట్టిన ప్రశ్నపత్రాలు, స్టడీ మెటీరియల్, బడి సావనీర్లు ఎన్ని ఉంటాయో ఊహించవచ్చు. అందులో పెద్ద భాగం, ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్ పద్ధతిలో కాదు, అను వంటి పాత ఫాంట్లలో ఉంది. కాగితం మీద చూస్తే చక్కటి తెలుగు. ఫైలు లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మలు తొడిగినట్టుంటుంది. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్త. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వచ్చేది అందుకే. అక్షరం అక్షరంగా లేనప్పుడు వెతకడానికి వీల్లేదు, అంధ విద్యార్థికి చదివి వినిపించే ప్రోగ్రాముకి వీల్లేదు, యంత్రానికి నేర్పడానికి అసలే వీల్లేదు. ఇంటర్నెట్లో తెలుగు తక్కువ అని వాపోతాం గానీ, ఉన్న తెలుగును మన చేతులతోనే అక్కరకు రాకుండా చేసుకున్నాం.

ఈ కరువు ఖరీదును ఒక అంకెలో చూడవచ్చు. చాట్‌బాట్ మాటల్ని టోకెన్లనే ముక్కలుగా కోసి చదువుతుంది. ముక్కలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, గుర్తుపెట్టుకోగలిగిన నిడివి తగ్గుతుంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ ముక్కలు కోసే కొత్త పద్ధతిని ప్రకటిస్తూ, ఒకే చిన్న పలకరింపుకి వివిధ భాషల్లో ఎన్ని టోకెన్లవుతాయో లెక్కగట్టి చూపింది. ఇంగ్లిష్‌కు పాత పద్ధతిలో 27, కొత్తదాంట్లో 24. తెలుగుకు పాత పద్ధతిలో 159, కొత్తదాంట్లో 45. అంటే అంతకుముందు తెలుగు పిల్లవాడు అదే మాట అనడానికి ఇంగ్లిష్ పిల్లవాడికంటే దాదాపు ఆరు రెట్లు ఖర్చుపెట్టేవాడు. ఇప్పటికీ దాదాపు రెట్టింపు. ఆ తగ్గింపు కూడా వాళ్లు తలుచుకుంటే వచ్చింది, మనం అడిగితే కాదు. తెలుగు వికీపీడియా 2003 నుంచి స్వచ్ఛంద రచయితల చేతులమీదుగా లక్ష వ్యాసాలు దాటింది. హైదరాబాదు నుంచి స్వేచ్ఛ సంస్థ కంప్యూటర్లకు తెలుగు నేర్పే పనిలో, ఈమధ్య విద్యార్థులతో తెలుగు కథల పాఠ్యాన్ని పోగుచెయ్యడంలో ఉంది. పాత పుటల్ని అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముకి తెలుగు వచ్చు. పనిముట్లున్నాయి. షాపు షట్టరు వెనక ఫైళ్లున్నాయి. కలపాల్సినవాళ్లు కావాలి.

వరదల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నగరాల్లో కూర్చుని వేసే ప్రణాళికల్లో అది ఉండదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అంత పెద్ద వరద కాకపోయినా కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే గతి. కరెంటు పోతుంది, టవరు పోతుంది, క్లౌడు చాట్‌బాట్ పోతుంది. కివిక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను మొత్తంగా ఒక ఫోను మెమరీ కార్డులో పెట్టుకోవచ్చు. కొలిబ్రి అనే ఇంకొకటి వీడియో పాఠాల్ని, అభ్యాసాల్ని ఇంటర్నెట్ లేని చోట పంచడానికే పుట్టింది. కొలరాడో విశ్వవిద్యాలయం చేసే ఫెట్ సైన్సు బొమ్మలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, దించుకుని నెట్ లేకుండా ఆడించవచ్చు. ఇవేవీ చాట్‌బాట్ అంత సంబరంగా కనిపించవు. లంకలో చదివే పిల్లకి మాత్రం చాట్‌బాట్‌కంటే ముందు రావలసినవి ఇవి.

చట్టం కూడా ఇటే తోస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి కావాలంటుంది, పిల్లల ప్రవర్తనను కనిపెట్టి చూడడాన్ని, వాళ్లకు గురిపెట్టే ప్రకటనల్ని నిషేధిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. అమ్మ ఫోనులో, అమ్మ పేరుతో ఉన్న ఖాతాలో ఏడో తరగతి పిల్ల తన సందేహాలన్నీ అడుగుతుంటే ఏ కంపెనీకి ఆమె వయసెలా తెలుస్తుంది? ల్యాబులోనే ఉండి బయటికి పోని యంత్రం దగ్గర ఈ ప్రశ్న చాలావరకు పుట్టదు.

డెల్టాలో ఈ పని చెయ్యగల చేతులకు కొరత లేదు. కాకినాడ, భీమవరం, అమలాపురం, రాజమండ్రి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా వేలమంది కంప్యూటర్ సైన్సు చదువుతున్నారు. డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. ఎక్కువమంది సర్వే కాగితాలు నింపి, బౌండు చేయించి సమర్పిస్తున్న ఆ ప్రాజెక్టుని పక్కూరి హైస్కూలు ల్యాబుకి లైనక్స్ ఎక్కించడానికి, అక్కడి మాస్టార్ల పాత ప్రశ్నపత్రాల్ని యూనికోడ్‌లోకి తేవడానికి వాడుకోవచ్చు. అయితే ఒక షరతు. మార్చిన పాఠ్యం మళ్లీ ఎవరో ఒక కాలేజీ డ్రైవులో తాళం వెయ్యకూడదు. రాసిన టీచరు పేరు ఉంచి, ఎవరైనా వాడుకుని మార్చుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో బయటపెట్టాలి. ఆ టీచరు అనుమతి ముందే రాతలో తీసుకోవాలి. గైడు ప్రచురణకర్తలకు రాసిచ్చి నాలుగు డబ్బులు చూసుకునే మాస్టార్లు ఇందుకు ఒప్పుకోరు, ఒప్పుకోమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. మిగిలినవాళ్లతోనే మొదలుపెట్టాలి.